పది డాలర్ల దస్తావేజు: ఫ్రాన్ స్ట్రైకర్ జీవిత కథ

మన గ్రంథాలయ రజతోత్సవ సంచికకు ఒక ప్రసిద్ధ పురుషుని జీవితము వ్రాసి ఇమ్మని కార్యవర్గమువారు నన్ను ఆదేశించిరి. పోతన్నగారిని గూర్చియు, కందుకూరి వీరేశలింగము పంతులుగారిని గూర్చియు, గ్రంథాలయోద్యమమునకు పెద్దదిక్కయిన అయ్యంకి వెంకటరమణయ్యగారిని గూర్చియు వ్రాయుటకు నాకంటె సమర్థులు ఈ గ్రామమున కలరు. నేను లెక్కలు వ్రాసి పొట్టపోసికొనువాడను. తీరిక వేళల ఇరుగుపొరుగువారికి దస్తావేజుల చిత్తులు వ్రాసిపెట్టువాడను. గురుముఖమున చదివినది స్వల్పము. భారత భాగవతములు ఈ గ్రంథాలయపు బల్లయొద్దనే నిఘంటువు ప్రక్కన పెట్టుకొని కూడబలుకుకొంటిని. అట్టి నాకు, జీవితమంతయు కలము నమ్ముకొన్నవాడును, ఒక్క కాగితముపై చేసిన సంతకముచే తన సృష్టిని పోగొట్టుకొన్నవాడును అగు ఫ్రాన్ స్ట్రైకర్ అను అమెరికా రచయిత ఆప్తబంధువువలె తోచినాడు. ఆయన కథయే చెప్పబూనితిని. పెద్దలు చిత్తగింతురుగాక.

ఆయన రేడియోకు పిల్లల సాహసగాథలు వ్రాసెను. రేడియో అనగానే మా తరమువారికి ఒక దృశ్యము కన్నులకు కట్టును. పంచాయతీ కార్యాలయపు అరుగుపై రేడియో పెట్టె. దానిచుట్టు బాలబాలికలము మూగి బాలానందము వినుట. అందులోని పిల్లలు నవ్విన మేమును నవ్వుట. న్యాయపతి రాఘవరావుగారును, వారి ధర్మపత్ని కామేశ్వరిగారును రేడియో అన్నయ్యగా, రేడియో అక్కయ్యగా తెలుగు బాలలకు ఇంటివారైరి. 1940లో వారు ఆంధ్ర బాలానంద సంఘమును స్థాపించిరి. 1945లో బాల అను పత్రికను నెలకొల్పిరి. రేడియో విను పిల్లలను ఒక సంఘముగా కూర్చుట యన నెట్టిదో మనము వారివలన ఎరిగితిమి. అంతకు కొలది సంవత్సరములకు ముందే సముద్రములకు ఆవల, వేరొక రీతిగా, వేరొక ప్రయోజనముతో, అట్టి సంఘములు లక్షలాది పిల్లలతో వెలసియుండెను. ఆ సంఘములకు ప్రాణము పోసిన కథకులలో స్ట్రైకరు అగ్రగణ్యుడు.

ఫ్రాన్సిస్ హామిల్టన్ స్ట్రైకర్ 1903 ఆగస్టు 19వ తేదీన న్యూయార్కు రాష్ట్రమందలి బఫెలో నగరమున జన్మించెను. అది ఈరీ సరస్సు తీరమున, నయాగరా జలపాతమునకు సమీపముననున్న పట్టణము. అక్కడి విశ్వవిద్యాలయమున చేరెను గాని పట్టము పుచ్చుకొనకయే విడిచిపెట్టెను. నాటకములపై మక్కువ ఆయనను పట్టుకొన్నది. ఆ దినములలో రేడియో క్రొత్తగా ఇంటింట ప్రవేశించుచుండెను. స్ట్రైకరు తన ఊరి రేడియో కేంద్రమగు డబ్ల్యు.ఇ.బి.ఆర్.లో చేరి, వార్తలు చదివెను, ప్రకటనలు చదివెను, నాటికలు వ్రాసెను, క్రమముగా ఆ కేంద్రమును నడపు బాధ్యతయు వహించెను. ఆయన వ్రాసిన నాటికలలో బండ్లపై పడమటి మైదానములకు వలసపోవువారి గాథలును, అపరాధ పరిశోధన కథలును ఉండెడివి. ఒక కేంద్రమునకు వ్రాసిన నాటికను వేరొక నగరపు కేంద్రమునకు కూడ అమ్ముకొనవచ్చునని గ్రహించి, స్వతంత్ర రచయితయై, వ్రాతప్రతులను తపాలాలో దేశమంతట పంపజొచ్చెను.

అది ఎట్టి కాలమో జ్ఞప్తియందుంచుకొనవలెను. 1929లో అమెరికా వాణిజ్యము కుప్పకూలెను. 1933 నాటికి పనిచేయగలవారిలో సుమారు నాల్గవవంతు మందికి పనిలేదు. బ్యాంకులు మూతపడెను. భార్యాబిడ్డలున్న రచయితకు తపాలాలో వచ్చు కొలది డాలర్లే జీవనాధారము. తాను ప్రాణముపెట్టి పెంచుకొన్న కథలు ఎవరు కొన్నను అమ్ముకొనవలసిన కాలమది.

కొనదలచినవాడు డెట్రాయిట్ నగరమున ఉండెను. ఆయన పేరు జార్జి ట్రెండిల్. వృత్తిచే న్యాయవాది, సినిమాశాలల వ్యాపారమున ఆరితేరినవాడు. 1930లో ఒక భాగస్వామితో కలిసి ఒక రేడియో కేంద్రమును కొని దానికి డబ్ల్యు.ఎక్స్.వై.జడ్. అని పేరుపెట్టెను. 1932లో ఆ కేంద్రము పెద్ద ప్రసార సంస్థతోడి సంబంధమును తెంచుకొని, తన కార్యక్రమములను తానే తయారుచేసుకొనవలసిన స్థితికి వచ్చెను. పిల్లలు విను కార్యక్రమమైనచో, పిల్లలు మారాముచేసి తల్లులచేత వస్తువులు కొనిపింతురని ట్రెండిలు ఎరుగును. పడమటి మైదానములలో సంచరించు ఒక అశ్వవీరుని కథ కావలెనని ఆయన స్ట్రైకరుకు వర్తమానమంపెను. స్ట్రైకరు తన పాత వలసబండ్ల కథలనుండి ఒకదానిని తీసి, తిరుగవ్రాసి పంపెను. అభిప్రాయములు వచ్చెను; మరల మార్చెను; మరల పంపెను. ఇట్లు 1933 జనవరి మాసాంతమున లోన్ రేంజరు, అనగా ఒంటరి రక్షకవీరుడు, ఆకాశవాణి మార్గమున అవతరించెను.

ఎవడీ వీరుడు? టెక్సాసు రాష్ట్రమున దొంగలను పట్టు రేంజర్లు అను రక్షకదళము కలదు. ఆ దళములోని ఆరుగురిని ఒక దొంగలముఠా కనుమలో పొంచియుండి కాల్చివేసినది. ఐదుగురు మడిసిరి. ఆరవవాడు కొనయూపిరితో పడియుండగా టాంటో అను ఆదివాసి మిత్రుడు కాపాడెను. ఆరుగురును చచ్చిరని లోకము నమ్మవలెనని టాంటో ఆరు సమాధులు కట్టెను. మృతుడైన తన అన్న చొక్కా గుడ్డతో ముసుగు చేసుకొని, వెండి గుండ్లు తుపాకిలో నింపుకొని, సిల్వరను తెల్లగుర్రమునెక్కి, నాటినుండి ఆ వీరుడు పేరు చెప్పకయే దీనులను రక్షించుచు తిరుగును. ప్రతిఫలము కోరడు, కృతజ్ఞతలు చెప్పువేళకు అక్కడ నుండడు. విరాటుని కొలువులో మారుపేర్లతో ఉండి కీచకుని గూల్చినవారి కథ తెలిసిన మనకు ఈ రుచి క్రొత్తది కాదు. కాని అజ్ఞాతవాసమునకు ఒక సంవత్సరము గడువు. ఈ వీరుని అజ్ఞాతవాసమునకు గడువు లేదు.

స్ట్రైకరును, కేంద్రమువారును ఈ వీరునికి కొన్ని కట్టుబాట్లు విధించిరి. అతడు మద్యము త్రాగడు, పొగ త్రాగడు. చంపుటకై కాల్చడు, శత్రువు చేతి ఆయుధము ఎగురునట్లు మాత్రము కాల్చును. వెండి ఎట్లు విలువైనదో ప్రాణమును అట్లే విలువైనదని వెండిగుండు అతనికి గుర్తుచేయును. వ్యాకరణ దోషము లేని భాషయే మాటలాడును. ఈ చివరి నియమము చదివినప్పుడు నాకు మిక్కిలి సంతోషము కలిగినది. కాని ఇందులోనే ఒక కళంకమును కలదు. వీరునికి శుద్ధభాష నిచ్చినవారు, అతని ప్రాణమిత్రుడగు టాంటో నోట మాత్రము విరిగిన ముక్కల భాష పెట్టిరి. తమ జాతివారిని అట్లు చూపుట అవమానమని అమెరికా ఆదివాసులు తరువాతి కాలమున ఆక్షేపించిరి. ఆ ఆక్షేపణ న్యాయమైనది. మొదటి పదిసార్లు టాంటో లేనేలేడు. ఒంటరివాడు ఎవరితో మాటలాడవలెనను చిక్కు వచ్చి, మాటతోడుకై అతనిని సృష్టించిరి. మాటకొరకు పుట్టినవానికే మంచి మాట దక్కకపోయెను.

రేడియోలో కంటికి కనబడునది లేదు. కొబ్బరిచిప్పలు మొదలగు వానిని తట్టిన గుర్రపు డెక్కల చప్పుడగును. ఇటలీ స్వరకర్త రొస్సీని రచించిన విలియం టెల్ అను గేయనాటకపు నాందీవాద్యము మొదట మ్రోగును. పాతకాలపు సంగీతమునకు రుసుము చెల్లింపనక్కరలేదు గనుక వ్యయము తగ్గునని దానిని ఎన్నుకొనిరి. కాని ఆ వాద్యము వినబడగానే ఆటలాడు పిల్లలు వీథులు విడిచి ఇండ్లలోనికి పరుగెత్తెడివారు. వారమునకు 3 రాత్రులు, అరగంటసేపు.

ఎందరు వినుచున్నారో ఎట్లు తెలియును? ఇక్కడనే లెక్కలవాని మనస్సుకు నచ్చు ఉదంతము కలదు. 1933 మే మాసమున కేంద్రమువారు ఒక ప్రకటన చేసిరి. ముందుగా ఉత్తరము వ్రాసిన 300 మంది పిల్లలకు ఆటతుపాకి ఉచితముగా నిత్తుమనిరి. వచ్చిన ఉత్తరములు 24,905. అనగా కోరినదానికి 83 రెట్లు. ఆ వేసవిలోనే డెట్రాయిట్ నదిలోని బెల్ ఐల్ అను ద్వీపమున ముసుగువీరుడు ప్రత్యక్షమగునని చాటిరి. సుమారు 70,000 మంది విరుచుకుపడిరని చెప్పుదురు. రక్షకభటులకు అదుపు తప్పగా, వీరుడే స్వయముగా పిల్లలను శాంతముగా నుండుడని వేడుకొనవలసివచ్చెనట. ఆ సంవత్సరము నవంబరులో సిల్వర్‌కప్ అను రొట్టెల వ్యాపారులు కార్యక్రమపు వ్యయము భరించుటకు ముందుకు వచ్చిరి. 1934లో డెట్రాయిట్, చికాగో, సిన్సినాటి, న్యూయార్కు ప్రాంతముల 4 కేంద్రములు కలిసి మ్యూచువల్ అను ప్రసార సంస్థగా ఏర్పడెను. వారి కూటమికి ముఖ్యాకర్షణ ఈ వీరుని కథయే.

ఇదిగో, సరిగా ఈ 1934వ సంవత్సరముననే స్ట్రైకరు జీవితములో ఆ కాగితము వచ్చెను. ఒంటరి వీరునిపై తనకుగల సర్వహక్కులను ట్రెండిలుకు బదిలీచేయుచు ఆయన సంతకము చేసెను. కాగితమున వ్రాసిన ప్రతిఫలము 10 డాలర్లు.

ధర్మముగా ఇరుపక్షముల మాటయు చెప్పవలెను. అమెరికా దేశపు దస్తావేజులలో నామమాత్రముగా ఇట్టి చిన్న మొత్తమును ప్రతిఫలముగా వ్రాయు ఆచారము కలదు. స్ట్రైకరుకు డెట్రాయిట్ కేంద్రమున స్థిరమైన ఉద్యోగము, నెల తిరుగగానే జీతము దక్కెను. పనిలేక లక్షలమంది వీథులలోనున్న దినములలో అది స్వల్పలాభము కాదు. పెట్టుబడి పెట్టినవాడు, వ్యాపారులను వెదకినవాడు, నష్టము వచ్చినచో భరింపవలసినవాడు ట్రెండిలు. వీరుడెట్లుండవలెనో చెప్పినవారిలో ఆయనయు ఒకడు. ఇవన్నియు ఒప్పుకొందము. అయినను తూనికలో ఒకవైపు మాత్రమే అన్నము లేనివాడున్నచో ఆ తూనిక సరియైనది కాదు. ఆకలితో నున్నవాని సంతకము చట్టమున చెల్లును, ధర్మమున చెల్లునా?

ఈ ప్రశ్న నాకు పుస్తకమువలన కలిగినది కాదు. పెద్దలు మన్నించినచో నా తప్పొకటి ఇచ్చట చెప్పుకొందును. చాల సంవత్సరముల క్రిందట ఒక వృద్ధ వితంతువు తన మెట్టచెక్క అమ్ముకొనుటకు వచ్చెను. కొనువాడు ముందే నాతో అన్నియు మాటలాడుకొని ఉండెను. నేను చక్కని దస్తూరితో, దాన వినిమయ విక్రయాది సర్వహక్కులతో, పుత్రపౌత్ర పారంపర్యముగా అను మాటలన్నియు పొందుపరచి చిత్తు వ్రాసితిని. అందులో ఏమున్నది బాబూ అని ఆమె అడిగెను. మామూలు మాటలే తల్లీ అంటిని. ఆమె వ్రేలిముద్ర వేసెను. ఆ చెక్కలో ఒక మూల ఆమె పెనిమిటి సమాధి కలదు. దానిని మినహాయింపవలెనని ఆమె అనుకొన్నది. నేను అడుగలేదు, ఆమె చెప్పలేదు, కాగితమున లేదు. కొంతకాలమునకు ఆమె మరల వచ్చి, తగవులాడక, ఆ కాగితము ఒక్కసారి చదివి వినిపింపుమని కోరెను. చదివితిని. విని, నమస్కరించి, వెడలిపోయెను. చట్టరీత్యా నా వ్రాతలో దోషము లేదు. నాటినుండి నేటివరకు ఏ దస్తావేజైనను సంతకమునకు ముందు ముమ్మారు బిగ్గరగా చదివి వినిపింపనిదే నేను కలము మూయలేదు. స్ట్రైకరు చదువుకొన్నవాడే, వ్రాతగాడే, అట్టివాడును సంతకము చేసెనని తెలిసినప్పుడు ఆ తల్లి జ్ఞప్తికి వచ్చినది.

ఇక పిల్లల సంఘముల సంగతి. 1935లో ఒంటరి వీరుని పేర క్షేమసంఘము ఒకటి ఏర్పడెను. చేరిన బాలునికి బిళ్ళ యొకటి వచ్చును. అతడు కొన్ని ప్రతిజ్ఞలు చేయవలెను. ఇరువైపుల చూచిగాని బాట దాటననియు, నడివీథిలో ఆడననియు ఇట్టివి. మోటారుబండ్లు పెరుగుచున్న నగరములలో ఇది మేలైన పనియే. అదే కాలమున వేరు కార్యక్రమములకు వేరు సంఘములు. అనాథబాలిక ఆనీ కథ 1931 నుండి దేశమంతట వినబడుచుండెను. దానిని నడిపినవారు మన యిండ్లలోను ఎరిగిన ఓవల్టీన్ వారు. డబ్బామూత క్రింది రేకు ముద్ర పంపిన పిల్లలకు రహస్యసంఘమున సభ్యత్వము; 1935 నుండి సంకేతములు విప్పు చక్రపు బిళ్ళ. కథ ముగిసిన పిమ్మట రేడియోలో కొన్ని అంకెలు చదువుదురు. పిల్లవాడు మూలగదిలో కూర్చుండి, చక్రము త్రిప్పి, అంకెకొక అక్షరము చొప్పున వ్రాసికొనును. మరునాటి కథకు చిన్న సూచన బయటపడును. ఇంట పెద్దలకు తెలియని రహస్యము తనకు తెలియుననెడి ఆనందము ఎంతటిదో బాల్యము మరువనివారికి వేరుగ చెప్పనక్కరలేదు.

బహుమానములు కాలమునుబట్టి మారెను. 1947లో ఒంటరి వీరుని కార్యక్రమమున ఒక ఉంగరమును ప్రకటించిరి. కిక్స్ అను అల్పాహారపు డబ్బామూతయు, 15 సెంట్లును పంపినచో అణుబాంబు ఉంగరము వచ్చును. దాని తోక తీసి చీకటిలో కంటికి ఆనించి చూచిన లోపల మినుకుమినుకుమని మెరుపులు కనబడును. నిజముగానే అందు రవ్వంత పొలోనియమను కిరణధాతువు పెట్టిరి. హిరోషిమా కాలి 2 సంవత్సరములైనను కాలేదు. గుర్రపు వీరునికి, అణుబాంబుకు ఏమి సంబంధమో వ్యాపారి అడుగడు, పిల్లవాడును అడుగడు.

ఇదే డెట్రాయిట్ కేంద్రమున 1938లో పుట్టిన మరియొక కథలో ఉత్తర కెనడా మంచు సీమల రక్షకభటుడు నాయకుడు. 1955లో అతని కథను ఆధారముగా చేసుకొని క్వేకర్ ఓట్స్ వారు చేసిన పని నావంటివానికి నవ్వును, దిగులును ఒక్కసారి కలిగించును. వారు యూకాన్ సీమలో 19 ఎకరముల 11 సెంట్ల భూమి సంపాదించి, చదరపు అంగుళము చొప్పున దస్తావేజులు అచ్చువేసి ఓట్స్ పెట్టెలలో పెట్టిరి. మొత్తము దస్తావేజులు 2 కోట్ల 10 లక్షలు. పిల్లలు భూస్వాములమైతిమని మురిసిరి. ఒక్క దస్తావేజైనను అక్కడి ప్రభుత్వమున నమోదు కాలేదు. 37 డాలర్ల 20 సెంట్ల పన్ను బకాయికై 1965లో ఆ భూమి ప్రభుత్వపరమైనది. తరువాత ఎన్నియో ఏండ్లు, పెరిగి పెద్దవారైన ఆ పిల్లలు తమ అంగుళము సంగతి ఏమని అక్కడి కార్యాలయములకు ఉత్తరములు వ్రాయుచునే యుండిరి. అయినను వారిని పరిహసింపలేను. అచ్చులోనున్న మాటను నమ్మిన వారి మనస్సు తప్పుచేయలేదు.

ఈ సందడి యంతటికి వెనుక ఒక గదిలో స్ట్రైకరు టైపుయంత్రము ముందు కూర్చుండియుండెను. వారమునకు 3 కథలనగా ఏడాదికి 156. అవిగాక 1936లో గ్రీన్ హార్నెట్ అను మరియొక వీరుడు బయలుదేరెను. నగరమున పత్రికాధిపతియై రాత్రివేళ ముసుగు వేయు ఆ వీరుడు, మన అశ్వవీరుని అన్న మనుమడని వంశవృక్షము కట్టిరి. పత్రికలలో బొమ్మలకథలకు మాటలు, బాలుర నవలలు, తన పేర టామ్ క్వెస్ట్ అను బాలుని సాహసకథలు 8 పుస్తకములు. 1939లో ఒక ప్రసిద్ధ వారపత్రిక ఆయన వ్రాత వారమునకు 60,000 మాటలని లెక్కకట్టెను. 13 వారములకు 7,80,000 మాటలు. అనగా 3 మాసములకొక బైబిలు గ్రంథమంత. తరువాత సహాయ రచయితలు వచ్చిరి. వారి వ్రాతలు దిద్దుటయు ఆయనదే. భారతము వ్రాయునప్పుడు కలము ఆగరాదని గణపతి నియమము పెట్టగా, వ్యాసుడు చిక్కుశ్లోకములు చెప్పి ఊపిరి తీసుకొనెనని పెద్దలు చెప్పుదురు. స్ట్రైకరు తానే వ్యాసుడు, తానే గణపతి. ఊపిరి తీసుకొనుటకు చిక్కుశ్లోకము చెప్పు వెసులుబాటు లేదు. ఎదుటివారు పిల్లలు, వారికి చిక్కులేని కథ కావలెను.

1941 ఏప్రిల్ 8వ తేదీన విపత్తు వచ్చెను. 1933 నుండి వీరునికి గొంతునిచ్చుచుండిన ఎర్ల్ గ్రేసర్ అను నటుడు కారు ప్రమాదమున మృతుడయ్యెను. మరునాటి కథలు సిద్ధముగా నుండవలెను. గొంతు మారిన పిల్లలు క్షణములో పట్టివేయుదురు. అప్పుడు కథలో వీరుడు గాయపడెను. కొన్ని ప్రసారములపాటు మాటాడలేక, గుసగుసగా ఒకటి రెండు మాటలు మాత్రమే పలుకుచు పడియుండగా, టాంటో కథ నడపెను. క్రమముగా వీరుడు కోలుకొని, బ్రేస్ బీమర్ అను నటుని గంభీర కంఠముతో మాటలాడెను. చనిపోయినవాని స్థానమున వేరొకని గొంతు వచ్చినదని పిల్లల మనస్సు నొచ్చకుండ గడపిన ఆ కొలది దినములే నా దృష్టిలో ఆ రచనాశాలకు కిరీటము. కథకునికి పిల్లలపై ప్రేమ లేనిచో ఆ ఉపాయము తట్టదు.

ఇంత చేసిన వానికి లోకమున దక్కిన పేరెట్టిది? కార్యక్రమము ముగియగానే చదువు నామావళిలో ఈ కథను సృష్టించినవాడు ట్రెండిలు అని వినబడెడిది. స్ట్రైకరు పేరును వినబడెడిది, సంపాదకుడని. కొడుకును కన్నతల్లిని దాదియని పిలిచినట్లు. వారమునకు 3 మార్లు, సంవత్సరముల తరబడి, ఆ మాట ఆయన చెవిని పడియుండును.

1949లో వీరుడు టెలివిజన్‌లోనికి వచ్చెను. రేడియో ప్రాభవము తగ్గజొచ్చెను. 1954 ఆగస్టులో ట్రెండిలును, ఆయన భాగస్వాములును ఒంటరి వీరుని సర్వహక్కులను జాక్ రాథర్ అను వ్యాపారికి 30 లక్షల డాలర్లకు అమ్మిరి. 20 ఏండ్ల క్రిందట కాగితమున వ్రాసిన 10 డాలర్లకు ఇది 3 లక్షల రెట్లు. ఆ విక్రయపత్రమునకు స్ట్రైకరు సంతకము అవసరము లేకపోయెను. ఆయన ఎన్నడో చేసి యుండెను. 1954 సెప్టెంబరు 3వ తేదీన డెట్రాయిట్‌లో క్రొత్త ప్రసారములు ఆగిపోయెను. అప్పటికి మొత్తము 2,956.

స్ట్రైకరు తన జన్మసీమయగు బఫెలో ప్రాంతమునకు మరలి వచ్చెను. 1962 సెప్టెంబరు 4వ తేదీన ఆ నగరమునకు చేరువనున్న ఎల్మా అనుచోట కారు ప్రమాదమున అసువులు బాసెను. అప్పటికి 59 సంవత్సరములు. తన వీరునికి గొంతైనవాడు ఎట్లు పోయెనో, మాటయైనవాడును అట్లే పోయెను. ట్రెండిలు మరి పదేండ్లు జీవించి 1972లో కీర్తిశేషుడయ్యెను.

కథ ఇక్కడితో ముగిసినచో నేను ఈ సంచికకు వ్రాసియుండను. స్ట్రైకరు యౌవనమున పట్టము పుచ్చుకొనకయే విడిచిన బఫెలో విశ్వవిద్యాలయపు గ్రంథాలయమున నేడు ఆయన కాగితములు భద్రపరచబడియున్నవి. హక్కులు చేతులు మారెను, వ్యాపారులు మారిరి, ఉంగరములోని మెరుపు కొలది సంవత్సరములకే ఆరిపోయెను, మంచుసీమలోని అంగుళపు భూములు జప్తు అయ్యెను. ఎవరు వ్రాసిరను ప్రశ్నకు సమాధానము మాత్రము ఒక గ్రంథాలయపు పెట్టెలలో, టైపుయంత్రపు అక్షరములలో, చెక్కుచెదరక నిలిచినది. రేడియో చరిత్ర వ్రాయువారు ఆయన పేరు విడువక తలచుచున్నారు. 10 డాలర్లు కొనలేనిది అదొక్కటియే.

మన గ్రంథాలయమున విలువైన వ్రాతప్రతులు లేకపోవచ్చును. కాని ఈ ఊరిలో హరికథ చెప్పినవారు, జోలపాట కట్టినవారు, తోలుబొమ్మలకు మాటలు నేర్పినవారు కలరు. వారి వ్రాతలు ఎవరి యింటి అటకపైనున్నను తెచ్చి మన బీరువాలో ఉంచుడని, అట్టమీద వ్రాసినవారి పేరు పెద్దక్షరములతో వ్రాయుడని సభ్యులందరిని వేడుచున్నాను. ఆ పని నాకు అప్పగించినచో దస్తూరి నాది.

మరియొక మనవి. ప్రతి ఆదివారము ఉదయము గ్రంథాలయపు అరుగుపై కూర్చుందును. ఎవరికైనను సంతకము చేయవలసిన కాగితమున్నచో, వ్రేలిముద్ర వేయవలసిన కాగితమున్నచో, ముందు తెండు. రుసుము లేదు. ముమ్మారు బిగ్గరగా చదివెదను. మినహాయింపవలసిన సమాధి యున్నదేమో, చెట్టున్నదేమో, పాటయున్నదేమో అడిగెదను. పిదప మీ ఇష్టము.

గ్రంథాలయము నూరేండ్లు వర్ధిల్లుగాక. స్వస్తి.